చిల్లర ఫైలు

పర్లాకిమిడిలో, జెరాక్సు కొట్టు మీది గది.
కింద టోనరు వాసన.
గోడకవతల కొమ్ముబొమ్మలు రాకే ఆకురాయి చప్పుడు.
ఫోను బల్ల మీదుంటే ఒడిశా అంటుంది,
కిటికీ గూట్లో పెడితే ఆంధ్రాకి స్వాగతమంటుంది.

ఇక్కడే జునాస్ రయితా నాకు అడ్డతోవలు నేర్పాడు.
మౌసు మీద చెయ్యేస్తే స్కేలుతో ఒకటి వేసేవాడు, నవ్వుతూనే:
"వేళ్ళకి తోవ తెలిస్తే కళ్ళతో పనేటి?"
సెరంగో కొండల్లోంచి వచ్చినోడు.
రోడ్డు మూడు మెలికలు తిరిగే చోట
నిలువునా దిగిపోవడం అలవాటు.

ఒకే మాట నలభై చోట్ల మార్చాలంటే
నేను నలభైసార్లు వెతుక్కునేదాన్ని.
అతను కంట్రోలు నొక్కిపట్టి డీ, డీ, డీ అని తాళం వేసేవాడు.
తెర నిండా కర్సర్లు లేచేవి,
ఊడ్పులకి దిగిన ఆడాళ్ళలా
అన్నీ ఒకేసారి వంగేవి.

అతని దగ్గరొక ఫైలుండేది. పేరు చిల్లర.
"పెద్ద నోటు ఎవడి దగ్గరైనా ఉంటాది.
బస్సెక్కితే కావలసింది ఇదే."
తేదీని మన వరసలో తిప్పే రెండు లైన్లు,
లక్ష దగ్గర కామా పడే తునక,
ఒడియా గొడుగులూ తెలుగు ఒత్తులూ ఒకే డబ్బాలో ఇరుక్కుంటే
ఎవరి తలా ఎవరి కాలూ తెగకుండా
లైను ఎత్తు కొంచెం పెంచేది.
ఒకదాని నెత్తిన మాత్రం ఇలా ఉండేది:
ముట్టుకోకు. ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలీదు.

పొట్నూరు షావుకారు జీడిపిక్కలకి యాప్ అడిగాడు.
తూకం కొండ మీద, లెక్క కాశీనగర్లో,
మధ్యలో సిగ్నలు చస్తుంది.
వానలో తడిసొచ్చి జునాస్ పదకొండు లైన్లు రాశాడు.
చీటీ వెళ్ళకపోతే దాచుకో.
రెండు సెకన్లు ఆగి పిలు.
పలక్కపోతే నాలుగు. అప్పటికీ పలక్కపోతే ఎనిమిది.
ఆ పైన పిలవకు, మనిషికి చెప్పు.
వాటి మీద చిన్న ముక్క:
జునాస్, సెరంగో, వానరోజు.

ఆ ముక్క నేను చెరిపేశాను.
అప్పగించే ముందు రాత్రి,
శుభ్రం చేస్తున్నానని నాకు నేనే చెప్పుకుంటూ.
షావుకారు ఇచ్చిన కవరు మీద నా పేరొక్కటే ఉంది.
జునాస్ తెర చూశాడు. కవరు చూశాడు.
చార్జరు వైరు నెమ్మదిగా చుట్టుకుని మెట్లు దిగాడు.
చిల్లర మాత్రం నా మిషన్లోనే ఒగ్గేశాడు.

యాప్ బాగా నడుస్తోంది.
మొన్న రామగిరి నుంచి ఒక చీటీ వచ్చింది,
మూడు గంటలు ఎక్కడో దాక్కుని, దీపాలు పెట్టే వేళకి.
సుశాంతి రయితా, పద్నాలుగు కిలోలు.
అతని పిన్నేమో. కాకపోవచ్చు,
ఆ కొండల్లో ఎందరు రయితాలో!
పదకొండు లైన్లూ తనని జాగ్రత్తగా దింపి వెళ్ళాయి.

ఆ రాత్రి కంట్రోలు పట్టుకుని జెడ్, జెడ్, జెడ్ నొక్కాను.
మూసి తెరిచిన ఫైలుకి నిన్న గుర్తుండదు.
పాత కాపీలు తవ్వితే దొరికింది ఆ ముక్క.
తిరిగి దాని చోటులో పెట్టాను.
ఎవరూ చదవరు, తెలుసు,
కామెంట్లు ఫోనుదాకా పోవు,
మూట కట్టేటప్పుడే రాలిపోతాయి.

అతనికి ఫోను చేశాను.
రెండు రోజులాగి చేశాను. తర్వాత నాలుగు.
తర్వాత ఎనిమిది, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ.

సెరంగో బస్సు ఐదున్నరకి. ఇంకా చీకటే.
కండక్టరు "చిల్లర ఉందేటి?" అన్నాడు.
పర్సు తీశాను.
అన్నీ ఐదొందల నోట్లే,
ఆ కవర్లోవి.