సూదికీ సూదికీ నడుమ

రువీ సందుల అబాయాలు కుట్టవట్టి పద్దెనిమిదేండ్లు.
నల్లబట్ట మీద నల్లదారం.
అది కనవడ్డన్ని నాళ్లు
కండ్లున్నయని యాది గూడ లేదు.

ఓనాడు అంచు వంకరవోయింది.
ఇప్పి మల్ల కుట్టిన. మల్ల వంకరనే.
అర్బాబు స్కేలు ఆనిచ్చి చూసిండు,
కుట్టు సక్కగనే ఉన్నది.
వంకర నా లోపల.

షుగరు కంటెనక నీరు నింపిందన్నది డాక్టరమ్మ.
నెలకో సూది. కన్నుల.

సూదికి భయపడేటోణ్ణి కాదు, సూదితోనే బత్కినోణ్ణి.
రెప్పలకు క్లిప్పు వెడ్తరు, పసుపుపచ్చ మందు పోస్తరు,
"పైకి చూడన్నా" అంటది కేరళ సిస్టరు,
లెక్కవెట్టే లోపట అయిపోతది.
అయిపోనిది దినం.
సెలవు చీటి, కోసిన కూలి, టాక్సీకి మూడు రియాళ్లు.
మబ్బువట్టిన చూపుతోని ఒక్కణ్ణే పోవద్దంటరు,
గందుకే సైఫుల్.

చిట్టగాంగు పోరడు. రాత్రి డ్యూటీ దిగి
బూట్లు ఇప్పకుండనే వస్తడు.
నా మోచెయ్యి వట్టుకొని
"మెట్టు దాదా, ఇంకో మెట్టు" అంటడు.
బయటి కుర్చీల నోరు తెరిచి నిద్రపోతడు.
నా రోగానికి వాని నిద్ర గూడ కట్టిన.
ఆ బిల్లు ఎవ్వలూ రాయలే.

మొన్న డాక్టరమ్మ తెరమీది బొమ్మ నా దిక్కు తిప్పింది,
పొరలు పొరలుగ, ఇస్త్రీ చేసి మడతవెట్టిన బట్ట లెక్క.
"నీరు ఇంకింది లింబాద్రీ.
ఆరువారాలకు ఆగింది, ఎనిమిదికి ఆగింది,
ఇగ పన్నెండుకు రా.
గళ్లకాయితం మాత్రం దినాం చూడు.
గీత వంగితే ఆగకు, ఉరికిరా."

పన్నెండు వారాలు.
వేళ్ల మీద లెక్కవెట్టిన. తప్పువోయింది. మల్ల వెట్టిన.

పాత లెక్కన సూది దినం రానే వచ్చింది.
ఆరుగంటలకు తలుపు కొట్టిండు సైఫుల్,
అలవాటుకొద్ది. కండ్లు ఎర్రగ.
"ఇయ్యాల లేదు తమ్మీ" అన్న.
ఏం జెయ్యాల్నో తెల్వక
ఇద్దరం గడపల నిలవడ్డం.

సులేమాని వెట్టిన. గ్లాసు సగం గూడ కాలే,
నా మంచం మీద ఒరిగిండు.
ఈసారి బూట్లు నేనిప్పిన.

మిషను తొక్కలే, చప్పుడైతదని.
ఎడమకన్ను మూసి
గోడకంటించిన గళ్లకాయితం చూసిన.
గీతలు సక్కగున్నయి, ఒక్క మూల తప్ప.
అది నిన్న గూడ గంతే ఉండె.

వాని అంగీకి ఊడిన గుండీ
చేత్తోనే కుట్టిన.
దారం ఎక్కియ్యనీకె మూడుసార్లు వట్టింది.