కుడికాలి జోడు

స్లేవ్ సరస్సు గడ్డకట్టిన నెల.
వంటింటి బల్ల మీద మూస్ తోలు.
దాని మెదడే దానికి రుద్ది, పిండి, ఆరేశాం.
పుచ్చిన స్ప్రూస్ కర్ర పొగ
ఇంకా దాని ఒంట్లోనే ఉంది.
ఓట్స్ డబ్బా అట్ట మీద
తమ్ముడి పాదం గీత, ఒక్కటే.

ఎడమది ఆడీల్ అత్త ఎప్పుడో కుట్టేసింది,
చూపు పోకముందు.
కుడిది నా వంతు.

ఆరె గుచ్చి, నరం నోట్లో తడిపి
వేళ్ల దగ్గర కుచ్చిళ్ళు పోస్తాను.
ఆమె బొటనవేలితో తడిమి
మాట్లాడకుండా విప్పేస్తుంది.
మూడుసార్లు.

నాలుగోసారి లెక్కపెట్టింది:
"పంతొమ్మిది. నాది పద్దెనిమిది."

కత్తెర కోసం తడుముతోందనుకున్నాను.
దాన్ని పక్కకి జరిపింది.
"వాడి కుడికాలు కాస్త పెద్దది,
ఆ సంగతి నేనే మర్చిపోయాను.
టీ పెట్టు."