మేస్త్రీ ఊరికి పోయిన రోజు

దర్శనం అయిపోయింది.
పుంగనూరు బస్సు సాయంత్రం ఆరుకి.
మధ్యలో మిగిలిన పూటని ఏం చేసుకోవాలో తెలీక
చంద్రగిరి షేర్ ఆటో ఎక్కాం,
నేనూ, మా చెంగల్రాయప్ప మామా.
ఆయన గుండు మీద ఇంకా గంధం తడి,
ఒళ్ళో లడ్డూల సంచి.

టికెట్ చింపినవాడు మా వైపు చూడలేదు.
రాజమహల్ ముందు పచ్చిక,
పచ్చిక తొక్కరాదని బోర్డు,
బోర్డు నీడలో పడుకున్న కుక్క.
గైడు ఎవరో స్కూలు పిల్లలకి
రాజుల పేర్లు వరసగా పిలుస్తున్నాడు,
హాజరుపట్టీ చదివినట్టు.
ఒక్కరూ పలకలేదు.

మామ లోపలికి రాలేదు.
ముప్పై ఏళ్ళు తాపీ పట్టి
మోకాళ్ళు అరిగాక మానుకున్న మనిషి,
బయటి గోడ దగ్గరే ఆగిపోయి
వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"ఇటుకా, సున్నమూ.
గానుగాడించి, నానబెట్టి, కాచుకోని కూర్చోవాల.
సిమెంటుకి ఇంత ఓపిక యాడిది?"

గోడ పొడుగునా చదరపు బొక్కలు.
పావురాల కోసమేమో అనుకున్నా.
"కాదమ్మే, సారవ కట్టిన బొక్కలు.
ఈడ ఒకడు నిలబడినాడు. వాని పైన ఇంకొకడు.
కింద ఒకామె తట్ట అందిస్తా ఉంటుంది."
ఆయన చెప్పేదాకా
ఆ గోడ మీద ఎవరూ లేరు.
చెప్పాక, దిగమన్నా దిగలేదు వాళ్ళు.

వెనకవైపు, పడమటెండ తగిలే మూల
ఉన్నట్టుండి నవ్వాడు.
"ఇది కొత్తోడి పని. చూస్తివా,
చెయ్యి అలలు పోయింది.
మేస్త్రీ ఆ పొద్దు ఊరికి పోయుంటాడు."
నేనూ తడిమి చూశాను.
నిజమే, అక్కడ గోడ కొంచెం భయపడింది.

ఏ ఊరికి పోయాడో.
కూతురి పురిటికో, ఎవరి చావుకో,
స్వర్ణముఖి పొంగి అవతల గట్టునే ఉండిపోయాడో.
వచ్చాక తిట్టే ఉంటాడు.
గీకి మళ్ళీ పూయమనే ఉంటాడు.
అంతలో ఎవరో పెద్దాయన వస్తున్నాడని
సారవ విప్పేసి ఉంటారు.

మ్యూజియంలో కంచు దేవుళ్ళు, కత్తులు,
అన్నిటికీ అద్దాలు, అన్నిటికీ చీటీలు.
మామ రెండుసార్లు తిరిగొచ్చాడు.
"ఒక్క తాపీ అయినా పెట్టలేదే" అన్నాడు,
గుడి బయట చెప్పులు కనపడని మనిషిలా.
కొండ మీద ఉరికంబం కనపడేలా
ఓ కొత్త జంట ఫోటో తీయమంటే
నేను తీసిపెట్టాను.

కల్లూరు దాటాక
కళ్ళు తెరవకుండానే మొదలుపెట్టాడు:
"పలమనేరులో ఒక ఇంటికి
నేనూ అట్లనే పూసినా, పనిలో చేరిన ఏడు.
మా మేస్త్రీ ఆ పొద్దు
తిరుమల కొండకి పొయ్యుండె."

ఏ వీధి మామా, అన్నాను.
లడ్డూల సంచి తన ఒళ్ళోంచి తీసి
నా ఒళ్ళో పెట్టి
నిద్రపోయినట్టు పడుకున్నాడు.