ఒక్క దెబ్బ

కాలేజీ గేటు ఫ్లెక్సీలో మా మేడం గురించి నాలుగు లైన్లు.
డి. మునికుమారి, మాజీ ప్రొఫెషనల్ గోల్ఫర్.
పదకొండేళ్ళ అనుభవం.
రెండు టైటిళ్ళు.
నాలుగో లైనులో ప్రిన్సిపాల్ పేరు, కొంచెం పెద్దక్షరాల్లో.

తిరుపతిలో గోల్ఫేంది మే అని
హాస్టలంతా నవ్వినారు.
నేను చేరింది ఆట కోసం కాదు.
పొద్దున ఆరింటికి గ్రౌండుకు పోతే
రెండు ఉడకబెట్టిన గుడ్లు ఇస్తారని.

గ్రౌండంటే ఎర్రమట్టి.
ఒక మూల ఎన్‌సీసీ వాళ్ళ తాడు, ఇంకో మూల పల్లేరు ముళ్ళు.
గుంతంటే భూమిలో పాతిన వనస్పతి డబ్బా.
జెండా రుక్సానా పాత చున్నీ.
కొండ మీంచి గాలి దిగితే
మా అందరికంటే ముందు అదే నిద్ర లేస్తాది.

మేడం మొదట కర్ర పట్టించలేదు.
గడ్డి నాటించింది.
"మా నాయన దొరస్వామి.
కుప్పంలో ప్యాసింజరెక్కి పోయి
బెంగుళూరు దొరల గ్రౌండులో గడ్డి కోసేవాడు.
ఆయన కోసిన గడ్డి మీదే ఆడినా.
గడ్డి ఎటు పడుకోనుందో చూడండి మే,
బంతి అటే పోతాది."
మోకాళ్ళ మీద కూర్చొని చూసినాం.
ఎటూ పడుకోలేదు. ఎండిపోయి ఉండాది.

ఈ ఆటలో వింతేమంటే
తక్కువ దెబ్బలవాళ్ళదే గెలుపు.
మా అమ్మకు ఫోన్లో చెప్తే
"అట్లాంటి ఆట ఒకటుండాదా" అని
చాలాసేపు మాట్లాడలేదు.

రెండు రోజులాడినాక ఒక గీత గీస్తారంట.
గీత పైనున్నోళ్ళకు మూడో రోజు, డబ్బు, పేపర్లో పేరు.
కిందున్నోళ్ళకు రాత్రి బస్సు.
మేడం ఎక్కిన రాత్రి బస్సుల టికెట్లు
ఒక బిస్కెట్ డబ్బాలో ఉండాయి.
లెక్కబెట్టబోయి నలభై దగ్గర ఆపేసినాం.
ఒకదాని వెనక పెన్నుతో రాసుండాది:
ఒక్క దెబ్బ.

అది చెప్పేటప్పుడు
షూ లేసు కట్టుకుంటా తలెత్తలేదు.
బంతి చెట్ల కింద పడిందంట.
పక్కనున్న ఎండుటాకు తీయబోతే
వడ్లగింజంత కదిలింది.
క్యాడీ నీళ్ళకు పోయినాడు.
కెమెరాలు పేరున్నోళ్ళ వెంట పోయినాయి.
తనే చేయెత్తి రిఫరీని పిలిచింది.
ఒక దెబ్బ కలిపినారు.
ఆ ఒక్క దెబ్బకే గీత కిందకు జారింది,
బ్యాగు మీది పేరు ఊడదీసుకొని స్పాన్సరూ పోయినాడు.

"నా ఆట తిరుపతి క్షవరమైంది మే,
సగం గొరిగి కూర్చోబెట్టినారు.
మిగతా సగానికి తిరుపతికే వచ్చినా"
అని తానే నవ్వింది.

మీ నాయన ఏమన్నాడు మేడం?
ఏమీ అనలేదంట.
కొడవలి నూరుకుంటా, నూరుకుంటా, కాసేపటికి
"గడ్డి చూసిండాదిలే మే" అన్నాడంట.

మొన్న మైసూరులో యూనివర్సిటీల పోటీ.
ఐదుగురం, మూడు సెట్ల కర్రలు.
పధ్నాలుగో గుంత కాడ, పొద వెనకాల,
నేనొక దెబ్బ గాలికి కొట్టినా.
బంతికి తగల్లేదు. ఎవరూ చూళ్ళేదు.
కార్డులో ఎనిమిదని రాసుకున్నా.
తర్వాతి గుంత దాకా నడిచినా.
కాళ్ళు నడస్తా ఉండాయి,
మెడ మాత్రం వెనక్కే తిరగతా ఉండాది.
రుక్సానా దగ్గర పెన్నడిగి
ఎనిమిది కొట్టేసి తొమ్మిది చేసినా.

మా టీము కడ నుంచి మూడోది.
మేడం నా కార్డు చూసింది.
ఆ కొట్టివేత మీద బొటనవేలు పెట్టి
చెమట తుడిచినట్టు ఒకసారి రాసి, ఇచ్చేసింది.

రాత్రి బస్సు పలమనేరు దాటినాక
నా టికెట్టడిగి తీసుకొని
డబ్బాలో వేసి మూతేసింది.
చెకింగోళ్ళు ఎక్కినప్పుడు ఆ మూత రాలేదు.
ఇద్దరం కలిసి తిట్లు తిన్నాం.