మంచు కరిగేలోగా

సేతూబల్ చేపల బజారులో
పొద్దున్న ఏడింటికి సార్డీన్ల ధర ఒకటి,
పదకొండింటికి ఇంకొకటి.
మధ్యలో మారిందల్లా కింద పరిచిన మంచే.

ఇరియా ఫోన్లో రెండు ఉత్తరాలు.
లిస్బన్ అర్థశాస్త్రం రమ్మంటోంది, ఫీజు సగం మాఫీ.
రోటర్‌డామ్ ఫైనాన్స్ కూడా రమ్మంటోంది,
చదివి వెళ్ళినవాళ్ళ జీతాల పట్టిక జతచేసి.
శుక్రవారం దాకా గడువు.

"ఒకటేమో ధర ఎందుకు పడిందో నేర్పుతుంది పిన్నీ,
రెండోది పడేలోగా అమ్ముకోవడం."
దెయొలిండా పొలుసులు గీకుతూనే
"ఎందుకు పడిందో నన్నడుగు, ఉత్తినే చెబుతా" అంది.
నవ్వలేదు.

పదకొండున్నరకి
రేవులో పని మానేసిన ముసలాయన వచ్చాడు, రోజూలాగే.
అడక్కముందే ఆరు చేపలు కాగితంలో చుట్టింది పిన్ని.
ఆయన చిల్లర లెక్కపెట్టకుండా పోశాడు,
ఆమె లెక్కపెట్టకుండా డబ్బాలో వేసింది.

ఈ లెక్క ఎవరు చెబుతారో అని
ఇరియా రెండు సిలబస్‌లూ పైకీ కిందికీ జరిపింది.
లిస్బన్‌లో, మూడో సెమిస్టర్లో,
ఇష్టమైతే తీసుకునే పేపర్లలో
ఏదో దగ్గరగా కనిపించింది.
ప్రొఫెసర్ పేరుండాల్సిన చోట ఖాళీ.

నొక్కింది.
తడి వేలికి తెర లొంగలేదు.
ఏప్రాన్‌కి వేలు తుడుచుకుంటోంది,
ఇంకా తుడుచుకుంటూనే ఉంది.