సొట్ట

సోమవారం పొద్దునే వచ్చేవి మా కొట్టుకి,
బొలోన్యా కత్తిబడిలో వారమంతా దెబ్బలు తిన్న
పదో పన్నెండో పిడికిటి డాళ్ళు.
ఇంతేసి పళ్ళెం. మధ్యలో బొడిపె. వెనక ఒక పిడి.
తోలుసంచి బోర్లిస్తే గలగలా దొర్లి
ఒకటి వీధిలోకి పారిపోయేది ఎప్పుడూ.
దాని వెంట పరిగెత్తడం నా మొదటి ఉద్యోగం.

సొట్టలు తీయడం రెండోది.

"పెద్ద డాలు వెనక మనిషి దాక్కుంటాడు.
దీని వెనక చెయ్యి ఒక్కటే దాక్కుంటుంది,
మిగతా మనిషిని ఆ చెయ్యే చూసుకోవాలి," అనేవాడు నాన్న.
"బొటనవేలు కంటిదగ్గర పెడితే చందమామ మాయమౌతుందా లేదా?
ఇదీ అంతే. ఎదుటివాడి కత్తికి ఎంత దగ్గరగా చాపితే
అంత పెద్దది. రొమ్ముకి హత్తుకున్నావో,
చొక్కాకి ఇంకో గుండీ."

నాకు చదువు రాదు. సొట్టలు వచ్చు.
కింది అంచంతా నొక్కుకుపోతే పత్రాలు రాసే గ్విదొత్తో,
మోకాళ్ళంటే బెంగ.
లోపలివైపు గీతలుంటే బట్టల వర్తకుడి కొడుకు,
తన కత్తితో తనే పోట్లాడతాడు.
బొడిపె నెత్తిన చిన్నచిన్న గుంటలు,
చినుకులు పడ్డ ఇసకలా ఉంటే
తిబుర్జియో.
దెబ్బ బయల్దేరకముందే ఎదురెళ్ళి
"ఎక్కడికి?" అని అడిగే రకం.
అతని డాలు ఎప్పుడూ ఆఖరున తీసుకునేదాన్ని.
ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

ఆ శనివారం దాన్ని అద్దం చేసి ఇచ్చాను.
అరిగిన కొక్కెం పీకి కొత్తది వేశాను,
నడుముకి తగిలించుకుంటే ఊడిపోకుండా.
కొంచెం బిగువు, రెండ్రోజులు నూనె రాయమన్నాను.
అన్నానా?
అనుకున్నానా?

మంగళవారం రాత్రి, చేపల వీధి మలుపులో,
కమానుల కింద, ముగ్గురు.
కత్తి సగం ఒరలోనే. డాలు నడుము మీదే.
ఊరు రెండు ముక్కల్లో తేల్చేసింది:
బడిలో పులి, వీధిలో పిల్లి.

తొమ్మిదోనాడు వాళ్ళమ్మ మిజీన వచ్చింది.
నల్ల శాలువాలోంచి డాలు తీసి బల్లమీద పెట్టింది.
నేనిచ్చినట్టే ఉంది. అందులో నా ముఖం కనిపించింది.
"దీనికి ఒక సొట్ట పెట్టండి," అంది.
"వాడి సమాధి మీద వేలాడదీస్తాను. నున్నగా ఉండకూడదు."
నాన్న సుత్తె దించాడు.
"నలభై ఏళ్ళుగా తీస్తున్నానమ్మా. పెట్టడం నా చేత కాదు."
ఆమె వాదించలేదు. డాలు అక్కడే వదిలి వెళ్ళింది.

నాన్న గురక మొదలయ్యాక మెట్లు దిగాను.
సుత్తె దెబ్బ ఎక్కడున్నా సుత్తె దెబ్బే,
తెలిసినవాడికి తెలిసిపోతుంది.
ఎవరో బాకీ కింద వదిలేసిన కత్తి ఒకటుంది గోడకి.
డాలుని స్తంభానికి కట్టబోతూ
కొక్కెం తగిలించి ఒకసారి లాగి చూశాను.
వచ్చింది.
మళ్ళీ తగిలించి లాగాను. రాలేదు.
మూడోసారి లాగలేదు.

తలకన్నా జానెడు పైన కట్టి
రెండు చేతులా ఎత్తి కొట్టాను.
మణికట్టు నుంచి పళ్ళదాకా పాకింది ఆ చప్పుడు.
ఎడమ పైభాగాన, బొడిపెకి రెండు వేళ్ళవతల
ఒక సొట్ట:
తలమీదికొచ్చిన వేటుని చెయ్యి చాచి
ఎవరో నిజంగానే ఆపినట్టు.

మిజీన దానిమీద బొటనవేలు ఆనించి చాలాసేపు ఉంది.
డబ్బివ్వబోయింది.
వాచిన చెయ్యి వెనక దాచుకుని, వద్దన్నాను.

ఇప్పుడు కొట్టు నాది. పనితనానికి పేరే కానీ
కొక్కేలు మరీ వదులుగా వేస్తానని ఫిర్యాదు.
"నడుస్తుంటే ఊడిపోతోంది, దియామాంతే.
మొన్న చర్చి మెట్లమీద గలగలా దొర్లింది, అందరూ నవ్వారు."

పడనీ, అంటాను.
వంగి తీసుకో. చేత్తోనే పట్టుకు నడువు.