రాగి మూత

మొయినుద్దీన్ సారు సంచిల నుంచి తీసిండు
అరచెయ్యంత కాయితం.
మూడునూర్ల యాభై ఏండ్ల కిందట ఓ డచ్చాయన
రోముకు పోయి గీసుకున్న కూలిన గోడలు.
"వాళ్ళ దేశంల గుట్టే లేదు రా బ్రహ్మం.
గుట్ట ఎట్లుంటదో చూద్దామని నడిచిపోయిండు,
శిథిలం దొరికింది."
గోడ మీద గడ్డి, గోడ కింద మేకలు,
ఓ మూలకు ఎవడో మనకు వీపు వెట్టి
ఉచ్చ పోస్తున్నడు.
నేను నవ్విన. సారు నవ్వలే.
"వాడు లేకుంటే ఆ గోడ ఎంత ఎత్తో
నీకెట్ల తెలుస్తది?"

మాది అవుసలోళ్ళ ఇల్లు.
ముక్కుపుల్లను నిజం చెప్పుమని అడిగే తేజాబు
గూట్లె సీసల ఉంటది.
బాపు పండుకున్నప్పుడు ఇంత వంచుకున్న.
రేకు తోమి, మైనం పూసి, దీపం పొగ పట్టి
నల్లగైనంక
సూది వట్టుకొని దేవరకొండ ఖిల్లా ఎక్కినం.

బురుజు సందుల సీతాఫలం చెట్లు.
గీసుడు రెండు పొద్దులు.
తేజాబుల ముంచినంక
గీతల పొంటి బుడగలు లేస్తుంటే
కోడీకతోని తుడుస్తున్న.
"దూరందాన్ని కొంచెమే తిననియ్యాలె,
తీసి మైనంతో మూసెయ్యాలె.
దగ్గరిదాన్ని బాగ తిననియ్యాలె."
గుట్టలకు యాభై లెక్కవెట్టిన,
బురుజులకు నూరు,
మెట్లకు మూడునూర్లు.
ముంగట మేకల్ని కాస్తున్న జాంకుకు
లెక్క మరిచిపోయిన.

అచ్చు చూసి జాంకు మొకం ముడిచింది.
"నాది పుర్రచెయ్యి. ఈమెవరు?"
కాయితం మీద కట్టె కుడిచేతికి మారింది,
దర్వాజ అటుదిక్కు పోయింది.
అచ్చంటే అద్దం లెక్కనే అని
సారు శానసేపు చెప్పిండు.
ఆమె వినలే. రాగిరేకు గుంజుకొని చూసింది.
"ఇగో, ఇది నేను. ఇది నాకియ్యి."

సారుకు కల్వకుర్తి బదిలీ అయింది.
అచ్చులు బడి బీరువల చెదలు తిన్నయ్.
రేకు తండాల ఉన్నది,
నీళ్ళకుండ మీద మూత.
చింతపండు, బూడిదె వెట్టి
ఆమె తోముతనే ఉన్నది.

మొన్న పోయి దప్పికైతుందని అడిగిన.
ఆకాశం ముందుగాల పోయినట్టుంది,
ఎనుక గుట్టలు.
బురుజులు ఉన్నయా అంటే ఉన్నయ్,
ఎండకు వంచి చూస్తే.
మెట్లు సగం.

కండ్లు మూసుకొని వేలు వెట్టిన:
మేక కొమ్ము తగిలింది,
ఇంకో కొమ్ము,
కట్టె,
కట్టె వట్టిన చెయ్యి.
"నీళ్ళు తాగుతవా, మూత తీస్తవా?" అన్నది జాంకు.